క్షిపణి ముక్కున పెట్టిన బొట్టు

మా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ వరండాలో ఒక క్షిపణిని పడుకోబెట్టారు. విమానం రెక్క కింద వేలాడుతూ వెళ్లి, అక్కణ్ణుంచి వదిలితే నేల మీది గురిని వెతుక్కుంటూ పోయే రకం. ఇప్పుడది ఒట్టి డొల్ల. మందు లేదు, మోటారు లేదు. లోపలి అమరిక పిల్లలకు కనిపించాలని ఒక పక్క పొట్ట కోసి, తీసేసిన భాగాల చోట చెక్కముక్కలు పెట్టారు. అలాంటివి తయారుచేసి పరీక్షించే ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా తనిఖీ ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, వారానికోసారి తార్నాకలోని మా ఇంటి నుంచి నడుచుకుంటూ వెళ్లి, దాని పక్కన నిలబడి పాఠం లాంటిది చెప్పి వస్తుంటాను. నేను చదివిందీ ఆ కాలేజీలోనే. అప్పట్లో ఆ వరండాలో కుక్కలు పడుకునేవి.

పోయిన నెల ఎవరో పెద్దమనిషి వస్తున్నారని కాలేజీవాళ్లు దానికి వెండిరంగు వేయించారు. నేను వెళ్లేసరికి కొత్త స్టీలు బిందెలా మెరిసిపోతోంది, ముక్కు నుంచి తోక దాకా. ఆ ముక్కు చివర ఉన్నది మామూలు లోహం కాదు, ప్రత్యేకమైన గాజు. క్షిపణి కన్ను ఉండేది దాని వెనకే. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందని ఊరికే అనలేదు. రంగు వేసినతన్ని పట్టుకుని ఇదేమిటని అడిగితే అతను ఏమాత్రం తొణకలేదు.

"గది గ్లాసని నాకెట్ల తెలుస్తది సార్? నల్లగ ఉన్నది, అవతల ఏం కనవడ్తలేదు. ఇనుమే అనుకున్న."

అతన్ని అని లాభం లేదు. ఆ గాజులోంచి మన కంటికి నిజంగానే ఏమీ కనిపించదు. వేడిని చూసే కంటికి మాత్రమే కనిపిస్తుంది. అతనికి చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, అంతే. కాలేజీ ఆఫీసు గదిలోకి వెళ్లి గొడవ పెడితే, చూడ్డానికి బాగానే ఉంది కదా సార్ అన్నారు. ముప్పై ఏళ్లు నేను విన్న మాట ఇదే. చూడ్డానికి బాగుండడం వేరు, బాగుండడం వేరు అని చెప్పడానికే నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఆ మాట చెప్పినప్పుడల్లా నా మీదే విసుక్కున్నారు.

నా పాఠానికి తప్పకుండా వచ్చేవాళ్లలో స్రవంతి అని ఆఖరి సంవత్సరం అమ్మాయి ఉంది. నల్గొండ వైపు రైతుల బిడ్డ, అడిక్‌మెట్ హాస్టల్లో ఉంటుంది. ఇలాంటి క్షిపణులకు భాగాలు చేసే కంపెనీలో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది. నేను చిందులు తొక్కుతుంటే పక్కన నిలబడి అంతా విని, "గింత కోపమెందుకు సార్? ఇది ఎగిరేది గాదు గద," అంది.

సమాధానం చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే నిజంగా ఎగిరేదాని ముక్కు మీద ఇంతకంటే తెలివితక్కువ పని ఒకటి జరిగింది. చేసింది రంగులవాడు కాదు, నేను. ఆ పనికి శిక్ష మాత్రం వేరే మనిషికి పడింది. ఆ సంగతి స్రవంతికీ, ఆమెలాగా ఈ పనిలోకి వస్తున్న మిగతా పిల్లలకూ తెలియాలని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాల గురించి నన్నడగకండి. కప్పిన శాలువాలన్నీ బీరువాలో చిమ్మటలకు ఉపయోగపడుతున్నాయి.

ముక్కు నుంచి తోక దాకా

కొత్తగా వచ్చిన పిల్లలు మొదటిరోజు అడిగే ప్రశ్నలు రెండే. ఎంత దూరం పోతుంది, ఎంత గట్టిగా పేలుతుంది. ఆ తర్వాత దాని పక్కన నిలబడి ఫోటో. దాని మీద చెయ్యి వేసి, కళ్లజోడు పెట్టుకుని, ఛాతీ విరుచుకుని. అది ఎడ్లబండి పందెంలో గెలిచిన ఎద్దు కాదు నాయనా అని చెబితే నవ్వుతారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, మా కాలేజీలో తిరగబడింది.

సరే, వరసగా చెబుతాను. అన్నిటికంటే ముందు ముక్కున గాజు, దాని వెనక కన్ను. మేము సీకర్ అనేవాళ్లం. గురి ఎటు జరిగితే అటు తిరిగే చిన్న కెమెరా అనుకోండి. దాని వెనక మెదడు. కన్ను చూసినదాన్ని బట్టి ఎటు వంగాలో లెక్కగట్టేది అదే. ఆ తర్వాత పేలుడు మందు ఉండే భాగం. పిల్లలందరి దృష్టీ దాని మీదే, అన్నిటిలోకీ తక్కువ తెలివైన భాగం అదే. తర్వాత బ్యాటరీ. అది ఏళ్ల తరబడి చచ్చినట్టు పడి ఉండి, పిలిచిన క్షణాన లేచి, ఒకటి రెండు నిమిషాలు ప్రాణం పెట్టి పనిచేసి, శాశ్వతంగా ఆరిపోతుంది. పిలిస్తే పలికే ఉద్యోగిని మా ఆఫీసులో దాన్ని మించి చూడలేదు. వెనక మోటారు, చివరన తిప్పుకునే రెక్కలు. వీటన్నిటినీ కలుపుతూ పొట్ట పొడవునా వైర్ల కట్ట. మన ఒంట్లో నరాలెలాగో దానికి అవి అలాగ. ఆ వైర్ల గురించి ఇంతవరకు ఒక్క పిల్లవాడూ అడగలేదు.

మొదట్లో వీటికి కన్నే లేదు. పైలటు కన్నే దీని కన్ను. తోకన ఒక మంట వెలిగించి వదిలేవాళ్లు. ఆ మంటను చూస్తూ, చేతిలోని చిన్న పుల్లను అటూ ఇటూ కదుపుతూ, అది తగిలేదాకా పైలటు అదే దారిన తిన్నగా పోవాలి. కిందివాళ్లకు తుపాకులుంటాయి కాబట్టి అతను పోయే దారిని వాళ్లూ చూస్తుంటారు. చాలామంది అలాగే పోయారు. తర్వాత ఎవరో ఒకరు గురి మీద లేజర్ చుక్క వేసి ఉంచితే దాన్ని పట్టుకుని పోయేవి వచ్చాయి. ఆ తర్వాత తానే చూసి, గుర్తుపెట్టుకుని పోయేవి. అంటే కన్ను పెట్టింది సోకు కోసం కాదు, విమానంలోని మనిషి వదిలేసి వెనక్కి తిరిగి రావడం కోసం. కింద నేల మీదా మనుషులుంటారని, కన్ను మసకబారితే ఇది పడకూడని చోట పడుతుందని కూడా చెబుతాను. అప్పుడు మాత్రం పిల్లలు ఫోన్లు దించుతారు.

ఖాదర్ సాబ్ రూలు

నాకు పని నేర్పింది కాలేజీ కాదు, ఖాదర్ సాబ్. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి, మా అసెంబ్లీ షెడ్డులో ఫోర్‌మన్. నాకు డిగ్రీ ఉండేది, ఆయనకు చేతులుండేవి.

మా దగ్గర ప్రతి భాగానికీ ఒక జాబ్ కార్డు ఉండేది. ఎవరు బిగించారు, ఎవరు అతికారు, ఎవరు కొలిచారు, ఎవరు సరిచూశారు అన్నీ అందులో సంతకాలతో ఉండాలి. చేరిన కొత్తలో ఒక కొలత తప్పు రాశాను. గుర్తొచ్చి, బ్లేడుతో సుతారంగా గీకి, దాని మీదే సరైన అంకె వేశాను. చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా. సాయంత్రం ఖాదర్ సాబ్ ఆ కార్డును కిటికీ వెలుగుకు పెట్టి చూశాడు.

"గీడ ముందుగాల ఏం రాసి ఉండె, ఇంజనీర్ సాబ్?"

తప్పు రాశాననీ, సరిచేశాననీ చెప్పాను. మరి ఆ తప్పు ఏడికి పోయిందని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. డిగ్రీ చదివొచ్చినవాణ్ణి బడిపిల్లాడిలా నిలబెట్టి అడుగుతున్నాడేమిటని.

"తప్పు కనవడాలె బేటా. దాని మీద ఒక్క గీత కొట్టు, పక్కన సరైంది రాయి, సంతకం పెట్టు. చెరిపినవంటే గది రెండో తప్పు."

అంతటితో వదల్లేదు. ఒకటి గీకినవాడు ఇంకెన్ని గీకాడో ఎవరికి తెలుసని, మర్నాడు రోజంతా నా కార్డుల్లోని భాగాలన్నీ నా చేతే మళ్లీ కొలిపించాడు. సాయంత్రానికి నడుము విరిగింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను బ్లేడు ముట్టలేదు. కార్డు మీద చెరపలేదు, అంతవరకు నిజం. బుర్రలో చెరుపుకోవడానికి బ్లేడు అక్కర్లేదని ఆయన చెప్పలేదు, నాకూ తట్టలేదు.

పెట్టెకు బొట్టు

క్షిపణి పరీక్షకు బయల్దేరే ముందు కొబ్బరికాయ కొట్టడం మా షెడ్డు ఆనవాయితీ. దాన్ని పొడుగాటి పెట్టెలో భద్రపరిచి, పెట్టెకు గంధం, కుంకుమ పెట్టి, హారతిచ్చి లారీ ఎక్కించేవాళ్లం. షెడ్డులో వయసులో పెద్దవాడు బొట్టు పెట్టాలి. మంత్రాలకు చింతకాయలు రాలవని నాకూ తెలుసు గానీ, నెలల తరబడి చేసిన పని చెయ్యి దాటి పోతుంటే మనిషికి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. దాన్ని నేను తప్పుపట్టను. కొబ్బరికాయలు కొనుక్కొచ్చేది కూడా ఖాదర్ సాబే. చెవి దగ్గర ఊపి, నీళ్ల చప్పుడు విని ఏరి తెచ్చేవాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. బొట్టు పెట్టెకు పెట్టాలి, లోపలి మాలుకు కాదు.

ఆ షరతును ఆయన ఎక్కడా రాయలేదు. మేమూ రాయలేదు. ఆయన రిటైరైతే అదీ రిటైరైంది.

ఆ తర్వాత మాకు అధికారిగా వచ్చినాయన పేరు విశ్వనాథం గారు. చెడ్డమనిషి కాదు. ఉపన్యాసం బాగా ఇస్తాడు, ఫోటోలో బాగా పడతాడు. కింద ఏం జరుగుతోందో తెలుసుకోవడం తప్ప అధికారికి ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి. ఒకరోజు ఒక క్షిపణి పరీక్షకు బయల్దేరుతోంది. విమానం కింద కట్టి, ఆకాశంలో దాని కన్ను ఎలా పనిచేస్తుందో చూడాల్సిన పరీక్ష. విశ్వనాథం గారు ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకొచ్చి పెట్టె మూత తీయించారు. ముక్కుకు తొడిగిన ఎర్రటి టోపీ కూడా తీయించారు. పళ్లెం నా చేతిలో ఉంది. అప్పటికి షెడ్డులో నేనే పెద్దవాణ్ణి.

"పెట్టెకు పెడితే ఫోటోలో పెట్టె పడుతుందయ్యా. ముక్కుకే పెట్టు, కనపడాలి," అన్నారు.

కూడదని నాకు తెలుసు. షెడ్డులో అందరికంటే నాకే బాగా తెలుసు. కానీ చుట్టూ జనం, ఎదురుగా కెమెరా, బయట లారీ. పెద్దాయనకు అందరి ముందు కాదని చెప్పడం నాకు చేతకాలేదు. జారకుండా ఉండాలని గంధాన్ని ఎవరో నూనె చుక్కతో కలిపారు. నల్లటి గాజు మీద నిండుగా గంధం, దాని మీద కుంకుమ. ఫోటో అద్భుతంగా వచ్చింది. తర్వాత నా జేబురుమాలుతో గాజును గట్టిగా తుడిచాను. మళ్లీ తళతళలాడింది. టోపీ తొడిగి, పెట్టె మూయించి, కార్డు మీద సరిచూసినట్టు సంతకం పెట్టాను. బొట్టు సంగతి కార్డులో లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను, కడగను కూడా లేదు, తుడిచాను.

లూజ్ కాంటాక్ట్

పరీక్ష చేసే చోట మనుషులు టోపీ తీసి చూశారు. గాజు శుభ్రంగానే ఉంది. అంటే వాళ్ల కంటికి. విమానం పైకి లేచాక పైలటుకు బొమ్మ మసకమసకగా వచ్చింది. పొగమంచులోంచి చూసినట్టుందని, గురి నిలవడం లేదని చెప్పి, పరీక్ష మధ్యలోనే ఆపి తిరిగొచ్చేశాడు. దిగాక అక్కడివాళ్లు పద్ధతి ప్రకారం గాజును స్పిరిట్‌తో కడిగి, బల్ల మీద పెట్టి పరీక్షించారు. బొమ్మ అద్దంలా వచ్చింది. ఎన్నిసార్లు చూసినా అంతే. లోపం ఉన్నట్టా, లేనట్టా?

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఒక సంగతి తెలుసుకోండి. ఇంజనీర్లకు కారణం దొరకనప్పుడు దాని పేరు లూజ్ కాంటాక్ట్. ఎక్కడో ఒక వైరు వదులై ఉంటుంది, కుదుపుకు కలిసి ఉంటుంది. కాదని ఎవరూ నిరూపించలేరు. ఇంతకంటే సుఖమైన కారణం ప్రపంచంలో లేదు.

కమిటీ వేశారు. ఐదుగురం, నాతో కలిపి. ఇంటిల్లిపాదీ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయమైంది. కన్ను తయారుచేసినవాళ్లు మాది కాదన్నారు, మెదడు చేసినవాళ్లు మాది అంతకన్నా కాదన్నారు. విశ్వనాథం గారికి వారంలోగా రిపోర్టు కావాలి. ఎవరి తరఫునా మాట్లాడేవాళ్లు లేని భాగం వైర్ల కట్ట ఒక్కటే. అది ఎవరు చేశారని కార్డు తీస్తే అనసూయ సంతకం ఉంది.

అనసూయ కాంట్రాక్టు టెక్నీషియన్. లాలాపేట్‌లో ఉంటుంది. వాళ్లవాళ్లు భువనగిరి పక్కన సేద్యం చేసుకునేవాళ్లు. భూతద్దం కింద తల వంచి, వెంట్రుకంత వైర్లను కనెక్టర్లకు అతకడం ఆమె పని. ఆమె అతుకు చూస్తే తనిఖీ చెయ్యబుద్ధి కాదు, చూస్తూ ఉండాలనిపిస్తుంది. పర్మనెంట్ చెయ్యాల్సినవాళ్ల జాబితాలో ఏళ్ల తర్వాత ఆమె పేరు చేరింది ఆ రోజుల్లోనే.

కమిటీ ముందుకు పిలిచి నిలబెట్టే ప్రశ్నలడిగారు. ఆమె చెప్పింది ఒక్కటే.

"నా చేతి అతుకు వదలది సార్. గుంజి చూడుండ్రి."

గుంజి చూశారు. వదల్లేదు. అయినా వదిలి ఉండవచ్చు అని రాశారు. ఆ 'ఉండవచ్చు' అన్న మాట కింద నేను కూడా సంతకం పెట్టాను. అప్పుడు నాకు బొట్టు గుర్తు రాలేదా అని మీరడుగుతారు. వచ్చింది. తుడిచాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సంతకం పెడుతుండగా అనసూయ నా వైపే చూస్తోందని తెలుసు. నేను కాగితం వైపు చూశాను.

జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు. అతికే పని మాన్పించి స్టోర్సులో కూర్చోబెట్టారు. ఆ చేతులతో పెట్టెలు లెక్కపెట్టించారు. కాంట్రాక్టు గడువు ముగిశాక మళ్లీ పిలవలేదు.

గాజు అంచున

కొన్ని నెలల తర్వాత అదే క్షిపణిని ఇంకో పని మీద విప్పాల్సి వచ్చింది. గాజును పట్టి ఉంచే లోహపు కడియాన్ని నా చేతులతోనే తీశాను. దాని కింద గాడిలో, గాజు చుట్టూ సగం దాకా, గోరు అంచంత సన్నటి ఎర్రటి గీత. వేలితో తీసి వాసన చూశాను. గంధం.

ఆ గాజు మీద మన కంటికి కనిపించనంత పల్చటి నూనె పొర ఉన్నా వేడిని చూసే కంటికి తెర కట్టినట్టే. రుమాలుతో తుడిచి ఆ జిడ్డును నేను గాజంతా పులిమాను. స్పిరిట్‌తో కడిగాక పోయింది. అందుకే బల్ల మీద బొమ్మ బాగా వచ్చింది. ఐదుగురు ఇంజనీర్లు వారం రోజులు కూర్చుని పట్టుకోలేనిది గాడిలోని చిటికెడు కుంకుమ చెప్పింది.

ఆ కడియం పట్టుకుని నేరుగా విశ్వనాథం గారి దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"బొట్టు పెట్టి కన్ను పోగొట్టారని పేపర్లో వేస్తే తల ఎక్కడ పెట్టుకుంటాం? రిపోర్టు మూసేశాం. దాని మీద నీ సంతకమూ ఉంది," అన్నారు.

మరి అనసూయ సంగతేమిటన్నాను. ఎక్కడో ఒకచోట పని దొరుకుతుందిలే అన్నారు. నేను బయటికొచ్చాను. కడియం శుభ్రం చేసి యథాస్థానంలో బిగించాను.

అప్పటి నుంచి ఆయన రిటైరయ్యేదాకా ఆయన్ని మనసులో తిట్టని రోజు లేదు. ఇంట్లో కూడా ఆయన మీద చిందులు తొక్కేవాణ్ణి. మా ఆవిడ విసుగెత్తి, ఆయన్ని తిట్టే ఓపికతో అనసూయ ఇంటికి ఒకసారి వెళ్లి రావచ్చు కదా అంది. దానికి మా ఆవిడ మీద కూడా విసుక్కున్నాను. నేను చేసిందల్లా ఒక్కటే. ముక్కు గాజు మీద ఏ పదార్థమూ పెట్టరాదు అన్న నియమాన్ని పద్ధతుల పుస్తకంలో రాయించాను. ఎందుకని అందులో లేదు. నియమానికి పుస్తకంలో చోటు దొరికింది, అనసూయకు షెడ్డులో దొరకలేదు.

లాలాపేట్

స్రవంతి అడిగిన వారమే లాలాపేట్ వెళ్లాను. తార్నాక నుంచి ఎంత దూరమని? కూరగాయలకు అంతకంటే ఎక్కువే నడుస్తాను. ఇన్నేళ్లు వెళ్లకపోవడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. లూజ్ కాంటాక్ట్ అనుకోండి.

ఆమె మిక్సీలు, ఫ్యాన్లు, కరెంటు పొయ్యిలు బాగుచేసే చిన్న షాపు పెట్టుకుంది. జుట్టు నెరిసింది. చూడగానే గుర్తుపట్టి స్టూలు వేసింది. మొత్తం చెప్పాను. బొట్టు, ఫోటో, గాడిలో కుంకుమ, విశ్వనాథం గారు, నా సంతకం. నేను చెబుతున్నంతసేపూ ఆమె ఒక మిక్సీకి వైరు అతుకుతూనే ఉంది. అతుకు అప్పటిలాగే ఉంది. అయిపోయాక, టీ తాగుతరా సార్ అని అడిగింది. నాకు ఉక్రోషం వచ్చింది. టీ ఏమిటమ్మా, నాలుగు తిట్టు అన్నాను.

"తిడ్తె ఏమొస్తది సార్? కాయితం మీద నా పేరున్నది. గది తీసెయ్యిండ్రి."

ఆ రాత్రే ఆఫీసుకు ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టుగా. ఉద్యోగంలో ఉన్నప్పుడు స్క్రూల కోసం రాసిన ఉత్తరానికి కూడా ఇంత తొందరగా జవాబు రాలేదు. మూసిన ఫైలును రిటైరైన ఉద్యోగి కోరిక మీద తెరవడం కుదరదట. పాస్ ఎప్పుడో వెనక్కి ఇచ్చేశాను కాబట్టి గేటు లోపలికి వెళ్లి అరిచే అవకాశమూ లేదు. ఆ కాగితం తీసుకెళ్లి అనసూయకు చూపించాను. ఆ ఫైలులో రాయలేనిది బయట రాస్తాను, నీ పేరుతో, నా తప్పుతో, పిల్లలు చదివేలా రాస్తాను అన్నాను. సరేనంది. అయితే తాను చూశాకే ఎవరికైనా ఇవ్వాలంది.

అలా ఇంతవరకు మీరు చదివిన పేజీలు పట్టుకుని నిన్న మళ్లీ వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని, పేజీలు బల్ల మీద పరిచి, స్క్రూడ్రైవరు మొనను ఒక్కో వరుస కింద జరుపుతూ చదివింది. ఖాదర్ సాబ్ గురించి రాసినచోట నవ్వింది. తర్వాత స్క్రూడ్రైవరు ఒకచోట ఆగింది.

"గిది తప్పు సార్. రుమాలు మీది గాదు, నాది."

నేను నమ్మలేదు. నా జేబులోంచే తీసినట్టు నాకు కళ్లకు కట్టినట్టుంది.

"మీ చేతిల పళ్లెం ఉండె. గుడ్డ ఉందా అమ్మా అని నన్నే అడిగిన్రు. ఇచ్చిన. ఇచ్చుకుంట ఒక మాట గూడ చెప్పిన. గది రాయనే లేదు మీరు."

ఏం చెప్పావమ్మా అని అడిగాను. అడుగుతూనే, నీలం అంచున్న చిన్న తెల్లటి రుమాలు నా చేతిలోకి వచ్చిన సంగతి గుర్తొచ్చింది.

"తుడిస్తె పోదు సార్, స్పిరిట్‌తోని కడగాలె అని చెప్పిన. ఏం కాదులేమ్మా, లారీ ఆగి ఉంది అన్నరు."

ఇన్నేళ్లూ ఆ రోజును నేను ఎన్నోసార్లు తలచుకున్నాను. ఫోటోగ్రాఫరు చొక్కా రంగు గుర్తుంది. విశ్వనాథం గారు నిలబడిన తీరు గుర్తుంది. షెడ్డు మొత్తంలో ఆ రోజు సరైన మాట చెప్పిన మనిషి ఒక్కతే, ఆమెనూ ఆమె మాటనూ మాత్రం నేను సుతారంగా గీకేశాను. కమిటీ ముందు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను, అదేదో ఆమె తప్పయినట్టు.

"మీరు ఆడనే కూసున్నరు గద సార్," అంది.

పేజీ వెనక్కి తిప్పి, ఆ వాక్యం కొట్టేసి సాఫీగా తిరగరాద్దామని కలం తీశాను. తీసి, ఆగాను. కాబట్టి స్రవంతీ, 'పెట్టెకు బొట్టు' అన్న భాగంలో 'నా జేబురుమాలుతో' అన్న మాట అలాగే ఉంటుంది. దిద్దుబాటు అక్కడే, ఆమె బల్ల మీదే రాశాను. ఆ రుమాలు అనసూయది. ఇచ్చేటప్పుడు ఆమె, తుడిస్తే పోదు, స్పిరిట్‌తో కడగాలి అని చెప్పింది. నేను వినలేదు. క్షిపణి కన్ను మసకబారింది అందువల్ల. వైర్ల అతుకు వల్ల కాదు.

దీని కింద నేను సంతకం పెట్టి, సరిచూసినవారు అని రాసి, కలం ఆమెకిచ్చాను. ఆమె వెంటనే పెట్టలేదు. పేజీలన్నీ మళ్లీ మొదటికి పేర్చుకుని, మొత్తం ఇంకోసారి చదివాక పెట్టింది.